గల్లీని బట్టే బండి

పోయిన నెల ఓ ఆదివారం పొద్దున్నే మా బాబాయి కొడుకు ఫోన్ చేశాడు. "అన్నా, ఒక్కసారి షెడ్డు కాడికి రావా? ఫోర్క్‌లిఫ్ట్ కొన్న. లోపలికైతే పోయింది గానీ తిరుగుతలేదు" అన్నాడు. స్టీరింగ్ పట్టేసిందేమో అనుకున్నా. మెకానిక్‌ని పిలవక నన్నెందుకు పిలుస్తున్నాడా అని కూడా అనుకున్నా. ఎప్పుడో ఇరవై ఏళ్ల కింద ఓ ఫ్యాక్టరీ స్టోర్స్‌లో నాలుగేళ్లు గుమాస్తాగా పనిచేశానన్న ఒక్క పాపానికి, మా ఇంట్లో గోడౌన్ అన్న మాట వినపడితే చాలు నాకే ఫోన్ వస్తుంది.

తమ్ముడిది ప్లాస్టిక్ దానా వ్యాపారం. బకెట్లు, పైపులు, మందుల డబ్బాలు పోసే చిన్న యూనిట్లకి పాతిక కిలోల బస్తాల్లో దానా అమ్ముతాడు. ఇన్నాళ్లూ హమాలీల వీపుల మీదే నడిచింది. ఈ ఏడు ధైర్యం చేసి జీడిమెట్ల పారిశ్రామికవాడలో ఓ పాత షెడ్డు అద్దెకి తీసుకున్నాడు. ర్యాకులు చేయించి నేలకి బోల్టులు కొట్టించాడు. ఆ తర్వాత ఎవరో చూపిస్తే 3 టన్నుల సెకండ్‌హ్యాండ్ డీజిల్ ఫోర్క్‌లిఫ్ట్ కొన్నాడు. ఆ వరస గమనించండి. ముందు షెడ్డు, తర్వాత ర్యాకులు, అన్నిటికంటే ఆఖర్న బండి. వాడొక్కడే కాదు, కొత్తగా గోడౌన్ పెట్టేవాళ్లు చాలామంది ఈ వరసలోనే పోతారు.

సుచిత్ర దాటి, షాపూర్‌నగర్‌లో చాయ్ తాగి వెళ్లేసరికి బండి రెండు ర్యాకుల మధ్య ఉంది. సందులో దూరిన బర్రెలాగా ముందుకి పోగలదు, వెనక్కి రాగలదు, పక్కకి మాత్రం తిరగలేదు. పక్కకి తిరగకపోతే ర్యాకులో సరుకు పెట్టడం ఎట్లా? డ్రైవర్‌గా కుదుర్చుకున్న పెద్దాయన టేపు పట్టుకుని నిలబడి ఉన్నాడు. తమ్ముడు ఆయన్ని కాకా అంటాడు.

"గల్లీ ఎంత పెట్టినవ్ తమ్మీ?"

"తొమ్మిదిన్నర అడుగులు కాకా."

"మరి గీ బండికి పద్నాలుగు గావాలె. నాకు ముందుగాల చెప్తే గీ టేపుతోనే చెప్తుంటి గదా."

పద్నాలుగు ఎందుకంటే, ఫోర్క్‌లిఫ్ట్ ర్యాకుకి ఎదురుగా నిలబడాలి. అంటే గల్లీలో నిలువునా వచ్చిన బండి ప్యాలెట్‌ని ముందు పట్టుకుని, ఉన్నచోటే తొంభై డిగ్రీలు తిరగాలి. బండి పొడవు, దాని ముందు ప్యాలెట్ పొడవు, రెండువైపులా జానెడు ఖాళీ, ఇవన్నీ కలిపితే వచ్చేదే గల్లీ వెడల్పు. 3 టన్నుల డీజిల్ బండికి అది దాదాపు 4.2 మీటర్లు. 2 టన్నుల దానికి పన్నెండు, పదమూడు అడుగులు. ముందు రెండు చక్రాలు, వెనక ఒక్క చోట తిరిగే చక్రం ఉండే బ్యాటరీ బండి అయితే పదకొండు అడుగుల్లో తిరుగుతుంది. తమ్ముడి తొమ్మిదిన్నరలో వీటిలో ఏదీ తిరగదు.

ఇవన్నీ ఒకే కుటుంబం. కంపెనీలవాళ్లు కౌంటర్‌బ్యాలెన్స్ అంటారు, మన గోడౌన్లలో ఫోర్క్‌లిఫ్ట్ అంటే చాలు ఇదే. ముందు రెండు ఉక్కు చేతులు, వెనక పెద్ద ఇనప దిమ్మె. ఊళ్లో కాటా చూశారు కదా, ఒకవైపు సరుకు, ఒకవైపు రాయి. ఇక్కడ ముందు చక్రాల ఇరుసే కాటా ముల్లు, వెనక దిమ్మె రాయి. 3 టన్నులు ఎత్తే బండి తను కూడా నాలుగు టన్నుల పైనే తూగుతుంది. అందుకే అంత పొడవు, అంత గల్లీ.

1917లో అమెరికాలోని మిచిగన్ రాష్ట్రంలో క్లార్క్ అనే ఇరుసుల కంపెనీ తన ఫ్యాక్టరీ లోపల సామాను మోసుకోవడానికి ఓ చిన్న మోటారు బండి చేసుకుంది. దానికి ఎత్తే చేతులు లేవు, తొట్టి మాత్రమే. ఫ్యాక్టరీ చూడ్డానికి వచ్చినవాళ్లు ఇరుసుల సంగతి వదిలేసి, ఆ బండి మాకూ చేసివ్వండి అన్నారట. అక్కణ్ణుంచి మొదలైన సంతానంలో ఈ బర్రె ఒకటి.

కాకా చెప్పిన రెండో సంగతి నాకు గల్లీ కంటే ముఖ్యం అనిపించింది. ఆయన బండి చుట్టూ తిరిగి, డ్యాష్‌బోర్డు దగ్గర వంగి చూసి, "ప్లేటు ఏదీ?" అన్నాడు. ప్రతి ఫోర్క్‌లిఫ్ట్‌కీ ఒక చిన్న రేకు ముక్క మీద చెక్కి ఉంటుంది, ఎంత బరువు, ఎంత దూరంలో, ఎంత ఎత్తుకి ఎత్తొచ్చో. ఈ బండికి రెండు రివెట్ల చిల్లులు మిగిలాయి, ప్లేటు లేదు. "3 టన్నులని రాసుంది కదా కాకా పక్కన" అని తమ్ముడు పెద్ద అక్షరాలు చూపించాడు. కాకా నవ్వాడు.

పక్కన రాసే 3 టన్నులు పూర్తి నిజం కాదు. అది ఫోర్కుల మడమ నుంచి బరువు నడిబొడ్డు 500 మిల్లీమీటర్ల దూరంలో ఉంటేనే. అంటే మీటరు పొడవున్న ప్యాలెట్ మీద సరుకు సమానంగా పేర్చి ఉంటేనే. అంతకంటే పొడుగు సరుకైతే లెక్క మారుతుంది. 2 టన్నుల బండి తీసుకుందాం. ఇరుసు నుంచి ఫోర్కు మడమ దాకా 400 మిల్లీమీటర్లు అనుకోండి. 2000 కిలోలు, 900 మిల్లీమీటర్ల దూరం, గుణిస్తే 18 లక్షలు. అదీ ఆ దిమ్మె మోయగలిగిన పట్టు. ఇప్పుడు సరుకు నడిబొడ్డు 800కి పోయిందనుకోండి, ఇరుసు నుంచి 1200. 18 లక్షల్ని 1200తో భాగిస్తే 1500 కిలోలు. సరుకు అడుగు ముందుకి జరిగితే అర టన్ను మాయం! ఎత్తు పెరిగితే ఇంకొంత పోతుంది. ఫోర్కులకి డ్రమ్ముల పట్టీ లాంటిదేదైనా తగిలిస్తే మరికొంత. ఈ లెక్కలన్నీ డ్రైవర్ తలలో పెట్టుకోనక్కర్లేకుండా ఆ రేకు ముక్క మీద ఉంటాయి. అది ఊడిపోయిన బండి అంటే కాటా రాయి మీద అంకె చెరిగిపోయినట్టే.

ఇదంతా ఇంత వివరంగా ఎందుకు చెప్తున్నానంటే, నా స్టోర్స్ రోజుల్లో ఒకటి చూశాను. ఓ మధ్యాహ్నం లారీలో ఒక అచ్చు దిగింది, గట్టి ఉక్కుది. మా ఫోర్క్‌లిఫ్ట్ దాన్ని ఎత్తబోతే వెనక చక్రాలు నేలని వదిలి లేచాయి. సూపర్‌వైజర్ ఏమాత్రం తొట్రుపడలేదు. "ముగ్గురు వెనక ఎక్కండిరా" అన్నాడు. ముగ్గురు హెల్పర్లు దిమ్మె మీదకెక్కి కూర్చున్నారు. అచ్చు లేచింది. నాతో సహా అందరం నవ్వుకున్నాం. ఎందుకంటే అది మాకు రోజూ ఉండేదే, మీలో గోడౌన్ పని చేసినవాళ్లూ ఈ మాట వినే ఉంటారు. పది గజాలు పోయాక నేల మీద చిన్న గుంత. అచ్చు ముందుకి జారి కింద పడింది. పడగానే దిమ్మె వైపు ధబేల్మని కిందికి దిగింది. ముగ్గురిలో చిన్నోడు, పందొమ్మిదేళ్లవాడు, వెనక్కి ఎగిరి పడ్డాడు. కాలు చక్రం కింద. ఆ కాలు మళ్లీ మామూలు కాలేదు. రిజిస్టరులో 'మెట్ల మీద నుంచి జారిపడ్డాడు' అని రాయించారు. రాసింది నేనే.

ఆ సంగతి ఇదే మొదటిసారి బయటికి చెప్పడం.

సరే, షెడ్డులోకి వద్దాం. తొమ్మిదిన్నర అడుగుల్లో తిరిగే బండి అసలు లేదా అంటే, ఉంది. రీచ్ ట్రక్కు అంటారు. దీనికి వెనక పెద్ద దిమ్మె అక్కర్లేదు. ముందుకి రెండు కాళ్లు చాచి, ఆ కాళ్ల మధ్యలో మాస్టు (ఫోర్కులు పైకీ కిందికీ పోయే నిలువు చట్రం) ముందుకీ వెనక్కీ జరుగుతుంది. సరుకు తీసుకునేటప్పుడు చట్రం ముందుకొస్తుంది, తీసుకున్నాక వెనక్కి లాక్కుని సరుకుని ఒళ్లోకి తెచ్చుకుంటుంది. ఒళ్లో పిల్లాణ్ణి పెట్టుకుని నడిచినట్టు. చేయి చాచి మోస్తే బరువు, ఒళ్లో పెట్టుకుంటే తేలిక, అంతే సూత్రం. డ్రైవర్ పక్కకి తిరిగి కూర్చుంటాడు, ఎందుకంటే గల్లీలో ముందుకెంత పోతాడో వెనక్కీ అంతే పోతాడు. తొమ్మిది అడుగుల గల్లీలో పనైపోతుంది, పది మీటర్ల పైకి కూడా సరుకు పెడుతుంది.

మేడ్చల్ హైవే వెంట, గుండ్లపోచంపల్లి, కండ్లకోయ వైపు ఈ పదేళ్లలో లేచిన పెద్ద పెద్ద గోడౌన్లలో లోపల పనంతా వీటిదే. ఫ్లిప్‌కార్ట్ 2015లో గుండ్లపోచంపల్లిలో గోడౌన్ తెరిచింది. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చాక ఈ పని ఇంకా పెరిగింది. అంతకుముందు రాష్ట్రం దాటి అమ్మితే కేంద్ర అమ్మకపు పన్ను పడేది కాబట్టి కంపెనీలు ప్రతి రాష్ట్రంలో ఓ చిన్న డిపో పెట్టుకునేవి. చిన్న డిపోకి హమాలీలు చాలు. జీఎస్టీతో ఆ అవసరం పోయి, నాలుగు చిన్న డిపోల బదులు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన ఒక పెద్దది చాలింది. అక్కడ కప్పు నలభై అడుగులు. పన్నెండు మీటర్ల ఎత్తు ఖాళీగా వదిలేసుకోలేరు కదా, ర్యాకులు పైకి పోయాయి, వాటి వెంట బండ్లూ మారాయి. ఇంకా ఇరుకు గల్లీలకి, ఆరడుగుల లోపు వాటికి, బండి తిరగనే తిరగదు, ఫోర్కులే పక్కకి తిరుగుతాయి. దానికి నేలలో తీగ వేసో, రెండువైపులా పట్టాలు కొట్టో దారి చూపించాలి. అది మన పాత షెడ్ల పని కాదు, వదిలేద్దాం.

"అయితే గిది అమ్మేసి రీచ్ ట్రక్కు తెస్త" అని తమ్ముడు వెంటనే అన్నాడు. కాకా ఏమీ అనకుండా నేల చూపించాడు.

జీడిమెట్ల పాత షెడ్ల నేల సంగతి అక్కడ పనిచేసినవాళ్లకి తెలుసు. ఒకప్పుడు లేతు మిషన్లు, ప్రెస్సులు పెట్టిన పునాదులు కొట్టేసి పైన సిమెంటు పూశారు. ఒకచోట ఉబ్బు, ఒకచోట కుంగు. మధ్యలో ఓ మోరీ మూత. డీజిల్ బండి గాలి టైర్లకి ఇవేం లెక్క కాదు. రీచ్ ట్రక్కుకి ఉండేవి చిన్న గట్టి ప్లాస్టిక్ చక్రాలు, అర అంగుళం పగులుకే ఎగిరిపడతాయి. పైగా మీటరు ఎడంలో ఉన్న రెండు చక్రాల్లో ఒకటి సెంటీమీటరు కిందికి దిగిందనుకోండి, ఎనిమిది మీటర్ల పైన మాస్టు ఎనిమిది సెంటీమీటర్లు పక్కకి వంగుతుంది. టన్ను బరువు అక్కడ ఉంటే అది చిన్న వంపు కాదు. తమ్ముడి ర్యాకు పై అర పదమూడు అడుగులే కాబట్టి అంత ప్రమాదం లేదుగానీ, మోరీ మూత మీదుగా మాత్రం ఏ బండినీ పోనివ్వద్దన్నాడు కాకా. ఆ మాటతో ఒక గల్లీ పనికిరాకుండా పోయింది.

ఇక మిగిలింది స్టాకర్. చూడ్డానికి హ్యాండ్ ప్యాలెట్‌కి మాస్టు తగిలించినట్టు ఉంటుంది. మనిషి వెనక నడుస్తూ పిడి పట్టుకుని నడిపిస్తాడు, బ్యాటరీ మీద పోతుంది, ఎత్తుతుంది. ఎనిమిది అడుగుల్లో తిరుగుతుంది. రోజుకి ఇరవై, పాతిక ప్యాలెట్లు కదిలే చిన్న గోడౌన్‌కి నా లెక్కలో ఇదే సరైన బండి. చాలామంది దీన్ని చిన్నచూపు చూస్తారు, సీటు లేని బండి బండేనా అన్నట్టు. షెడ్డు ముందు పసుప్పచ్చ ఫోర్క్‌లిఫ్ట్ నిలబెడితే వచ్చే దర్జా దీనికి రాదు మరి!

స్టాకర్‌కి రెండు మెలికలు. ఒకటి, దాని కాళ్లు ఫోర్కుల కిందే ఉంటాయి. ప్యాలెట్‌కి అడుగున కూడా చెక్కలు కొట్టి ఉంటే ఆ కాళ్లు దూరవు, ప్యాలెట్ ఎత్తబోతే తన కాళ్ల మీద తనే నిలబడి మొరాయిస్తుంది. కాళ్లు ప్యాలెట్‌కి బయటగా ఉండే రకం వేరే ఉంది, అదడిగి తీసుకోవాలి. రెండోది మళ్లీ ఆ ప్లేటు. టన్నున్నర స్టాకర్ అంటే కింద టన్నున్నర. పదమూడు అడుగుల పైన అది అంత ఎత్తదు, ఎంత ఎత్తుతుందో ప్లేటు చూసే కొనాలి.

"నా ప్యాలెట్ టన్నే కదా. నలభై బస్తాలు, పాతిక కిలోలు" అన్నాడు తమ్ముడు. నేనూ అదే లెక్క వేశాను. కాకా షెడ్డు బయట దింపి ఉన్న ప్యాలెట్ల దగ్గరికి పోయి వేలితో వరసలు లెక్కపెట్టాడు. వరసకి ఐదు బస్తాలు, పదకొండు వరసలు. యాభై ఐదు. 1375 కిలోలు. నలభై అనేది ఇక్కడ హమాలీలు పేర్చే లెక్క. విదేశం నుంచి వచ్చే దానాకి మిషను పేర్చి, ప్లాస్టిక్ చుట్టి పంపే లెక్క వేరే. రెండేళ్ల నుంచి వ్యాపారం చేస్తున్నవాడికి తన ప్యాలెట్ బరువు తెలియదు! నాకు నవ్వొచ్చింది, తర్వాత రిజిస్టరు గుర్తొచ్చి ఊరుకున్నాను.

మరి ఆ డీజిల్ బర్రె వృథాయేనా? కాదు. దానికీ పని ఉంది, బయట. తమ్ముడికి సరుకు సనత్‌నగర్ కంటైనర్ డిపో నుంచి నలభై అడుగుల కంటైనర్లలో వస్తుంది. అందులో ఇరవై ప్యాలెట్ల దాకా పడతాయి. కొత్త గోడౌన్లలో అయితే కంటైనర్ నేలకి సమానంగా అరుగు కట్టి ఉంటుంది, చిన్న బండి నేరుగా లోపలికి పోతుంది. కంటైనర్ తలుపు ఎత్తు దాదాపు 2.3 మీటర్లే కాబట్టి, మూసినప్పుడు మాస్టు అంతకంటే పొట్టిగా ఉండాలి. లోపల ఫోర్కులు లేస్తుంటే మాస్టు పైకి పొడుచుకు రాకూడదు, లేకపోతే కంటైనర్ కప్పుకి చిల్లు. పాత షెడ్లకి ఆ అరుగు ఉండదు. ట్రెయిలర్ రోడ్డు మీదే ఆగుతుంది, కంటైనర్ నేల మనిషి ఛాతీ ఎత్తులో ఉంటుంది. అప్పుడు చేసే పద్ధతి మీరు చూసే ఉంటారు. తలుపు దగ్గర ప్యాలెట్లని ఫోర్క్‌లిఫ్ట్ దింపేస్తుంది. తర్వాత ఫోర్కుల మీదే ఓ హ్యాండ్ ప్యాలెట్‌ని పైకెక్కిస్తారు. ఇద్దరు హమాలీలు లోపలికి పోయి, లోపలి ప్యాలెట్లని దానితో గుంజుకుంటూ తలుపు దాకా తెస్తారు, అక్కణ్ణుంచి ఫోర్క్‌లిఫ్ట్ అందుకుంటుంది.

హ్యాండ్ ప్యాలెట్ గురించి ఎవరూ రాయరు. గోడౌన్‌లో అన్నిటికంటే చవక, అన్నిటికంటే ఎక్కువ పని చేసేది అదే. పిడి పంపు కొడితే ఎనిమిది అంగుళాల దాకా లేస్తుంది, రెండు, రెండున్నర టన్నులు మోస్తుంది. దానికి ఉండాల్సినదే లేదు, బ్రేకు. ట్రెయిలర్ కొంచెం వాలుగా ఆగిందనుకోండి, 1375 కిలోలు గుంజే మనిషి మీదకే వస్తాయి. కంటైనర్‌లో పక్కకి తప్పుకునే చోటు ఉండదు. ట్రెయిలర్ సమంగా ఆగిందా, చక్రాల కింద దిమ్మెలు పెట్టారా, డ్రైవర్ తాళంచెవి తీసి ఇచ్చాడా, ఈ మూడూ చూడకుండా హమాలీని లోపలికి పంపొద్దని కాకా ఖచ్చితంగా చెప్పాడు. ఇంతకాలం వీపుల మీద మోసినవాళ్లకి బండి రాగానే ప్రమాదం పోలేదు, రూపం మారింది.

బరువైన మిషన్లు దింపడానికి మన దగ్గర హైడ్రాని పిలుస్తారు. ఇప్పుడు హైడ్రా అంటే అందరికీ చెరువుల దగ్గర కూల్చివేతలే గుర్తొస్తున్నాయిగానీ, జీడిమెట్లలో ఆ పేరు అంతకుముందు నుంచే ఉంది. ముందు కొక్కెం వేలాడేసుకుని రోడ్డు మీద ఊగుతూ పోయే క్రేను. అది ఫోర్క్‌లిఫ్ట్ కాదు, ప్యాలెట్లకి పనికిరాదు. అట్లాగే రీచ్ స్టాకర్ అన్న పేరు వింటే రీచ్ ట్రక్కు, స్టాకర్ కలిపిన బండేమో అనుకోకండి. అది కంటైనర్‌ని పైనుంచి పట్టుకుని నలభై టన్నుల పైనే ఎత్తే భూతం. కంటైనర్ డిపోల్లో ఉంటుంది. పేరులో ఒక్క ముక్క తేడా, అంతే.

డీజిల్ బండిని షెడ్డు లోపల తిప్పొద్దనడానికి గల్లీ ఒక్కటే కారణం కాదు. కప్పు తక్కువ, కిటికీలు లేవు, పొగ అక్కడే తిరుగుతుంది. సాయంత్రానికి దానా బస్తాల మీద నల్లటి పొర, డ్రైవర్ ముక్కులోనూ అదే. మందుల గోడౌన్లలో, తిండి సరుకుల దగ్గర అందుకే డీజిల్‌ని రానివ్వరు. బ్యాటరీ బండైతే అన్నీ బాగే అని కూడా కాదు. మామూలు సీసం బ్యాటరీకి ఎనిమిది గంటలు పని, ఎనిమిది గంటలు చార్జింగు, ఎనిమిది గంటలు చల్లారడం. చార్జింగ్‌లో హైడ్రోజన్ వాయువు వస్తుంది, గాలిలో అది 4 శాతానికి చేరితే నిప్పురవ్వ చాలు. కాబట్టి చార్జర్‌ని మూల గదిలో బిగించి తలుపేసుకోకూడదు. ఆ బ్యాటరీ బరువు కూడా కాటా రాయిలో భాగమే. సీసం తీసేసి తేలికపాటి లిథియం పెట్టిస్తే, తగ్గిన బరువుకి బదులు ఇనుము నింపాలి. లేకపోతే ప్లేటు మీద అంకె అబద్ధమైపోతుంది. పాత బండికి సందులో మెకానిక్ చేత లిథియం వేయించేవాళ్లు ఈ సంగతి అడగడం లేదు.

జీడిమెట్లలోనే ఇంకో రకం గోడౌన్లు ఉన్నాయి. మందుల ఫ్యాక్టరీలకి టొలీన్ లాంటి ద్రావకాలు నిలవ చేసేవి. 200 లీటర్ల డ్రమ్ము టొలీన్ 175 కిలోల దాకా ఉంటుంది, ప్యాలెట్‌కి నాలుగు డ్రమ్ములు. బరువు పెద్ద సమస్య కాదు, ఏ చిన్న బండైనా ఎత్తుతుంది. కానీ ఆ ఆవిరి ఉన్నచోట మామూలు బ్యాటరీ బండి మోటారులో పుట్టే రవ్వ కూడా అగ్గిపుల్లే. నేల మీద రాసుకునే ఫోర్కు అంచు కూడా. అక్కడికి ఫ్లేమ్‌ప్రూఫ్ బండే కావాలి. మోటారు, స్విచ్చులు అన్నీ రవ్వ బయటికి రాని డబ్బాల్లో ఉంటాయి, ఫోర్కులకి ఇత్తడి తొడుగు వేస్తారు. ఖరీదెక్కువ. పక్క షెడ్డులో ఖాళీగా ఉంది కదా అని మామూలు ఫోర్క్‌లిఫ్ట్‌ని గంట అద్దెకి తెచ్చుకోవడం ఇలాంటి చోట్ల చేయకూడని పని. ఇంకొంచెం దూరం, శామీర్‌పేట దాటి జీనోమ్ వ్యాలీకి పోతే సమస్య తలకిందులు. టీకాల పెట్టెలు తేలిక, చలి ఎక్కువ. గడ్డకట్టే గదుల్లో బ్యాటరీ త్వరగా నీరసిస్తుంది. బయటి ఎండలోకి వచ్చిన ప్రతిసారీ బండికి చెమట పడుతుంది, ఆ తడి వైర్లలోకి పోతుంది. అందుకని చల్లగదికి వేరే తయారుచేసిన బండి ఉండాలి, దాన్ని వీలైనంతవరకు అక్కడే ఉంచాలి.

మధ్యాహ్నం అన్నాల దగ్గర కాకాని అడిగాను, ఇన్నేళ్లలో ఎప్పుడైనా బండి పడిందా అని. "ఒక్కసారి. సరుకు పైన పెట్టుకునే మలుపుకున్న. అప్పుడు కొత్త." కారు నడిపినవాడికి ఇది అర్థం కాదు. కారుకి ముందు చక్రాలు తిరుగుతాయి, ఫోర్క్‌లిఫ్ట్‌కి వెనకవి. కుడికి తిప్పితే వెనక భాగం ఎడమకి విసిరినట్టు పోతుంది, పక్కన నడిచే మనిషిని గోడకి నొక్కేస్తుంది. పైగా నాలుగు చక్రాలున్నా బండి నిలబడేది మూడు కాళ్ల మీదే. వెనక ఇరుసు మధ్యలో ఒకే చోట ఊగేట్టు బిగించి ఉంటుంది. అంటే ముక్కాలి పీట. పీట మీద బరువు కిందుంటే కదలదు, బరువు తల మీదకి పోయాక పక్కకి వంచి చూడండి. ఇందుకే సరుకుని నేలకి జానెడు ఎత్తులో పట్టుకునే నడపాలంటారు. వాలు మీద ఎక్కేటప్పుడు సరుకు ముందు, దిగేటప్పుడు వెనక్కి దిగాలి, సరుకు ఎప్పుడూ పైవైపే.

"పడుతుంటే ఏం చేసినవ్?"

"దుంకాలనిపిస్తది సారూ. దుంకినోడే సస్తడు. పైన కప్పు వచ్చి ఆని మీదనే పడ్తది. స్టీరింగ్ గట్టిగ పట్టుకొని, బండి పడే దిక్కు కాకుండ ఇంకో దిక్కు వంగి కూసోవాలె. నాకు అప్పుడు మా ఉస్తాద్ చెప్పిండు కాబట్టి బతికిన."

ఆ ఉస్తాద్ చెప్పకపోతే? కారు లైసెన్సు ఉందా, హెవీ లైసెన్సు ఉందా అని అడిగి తాళం ఇచ్చేసే ఓనర్లు ఎంతమంది లేరు. ఒడిశా నుంచో బిహార్ నుంచో హెల్పర్‌గా వచ్చిన కుర్రాడు, డ్రైవర్ భోజనానికి పోయినప్పుడు నాలుగుసార్లు తిప్పి నేర్చుకుంటాడు. డ్రైవరైతే నాలుగు రూపాయలు ఎక్కువ వస్తాయి, వాడి ఆశ తప్పు కాదు. నేర్పే చోట్లు లేకపోలేదు. బండ్లు అమ్మే కంపెనీలు నేర్పుతాయి, నైపుణ్య శిక్షణ కింద ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవర్ కోర్సులూ ఉన్నాయి. కొద్ది రోజుల పని. ఆ కొద్ది రోజుల జీతం ఎవరిస్తారన్న దగ్గరే ఆగిపోతోంది. ఓనరే ఇవ్వాలని నా అభిప్రాయం, తమ్ముడితోనూ అదే అన్నాను. వాడు లెక్కల పుస్తకం వైపు చూశాడు.

సాయంత్రానికి తేలింది ఇదీ. డీజిల్ బండి వాకిట్లోనే ఉంటుంది, కంటైనర్లు దింపుతుంది, లోపలికి రాదు. లోపలికి కాళ్లు బయటగా ఉండే బ్యాటరీ స్టాకర్, అద్దెకి, ఆరు నెలలు చూశాక కొనడం. యాభై ఐదు బస్తాల ప్యాలెట్లు కింది అరలోనే. పై అరలకి పోయేవి విప్పి నలభైకి తగ్గించి పేర్చుకోవాలి, అదీ ఆ స్టాకర్ ప్లేటు పదమూడు అడుగుల దగ్గర వెయ్యి కిలోలకి ఒప్పుకుంటేనే. అంటే హమాలీలకి ఇంకా పని ఉన్నట్టే. తమ్ముడికి అది దండగ ఖర్చు, వాళ్లకి కూలి. మోరీ గల్లీ మూసేసి అక్కడ ఖాళీ ప్యాలెట్లు.

ప్లేటు సంగతే తేలలేదు. బండి ఛాసిస్ నంబరు పంపితే కంపెనీవాళ్లు కొత్త ప్లేటు ఇస్తారట, రెండు వారాలు పడుతుందన్నారు. ఆ మర్నాడే ఒక కంటైనర్ రావాల్సి ఉంది. "రెండు వారాలు ఎట్ల ఆగాలె కాకా, ఒక్క కంటైనరే గదా" అని తమ్ముడు బతిమాలాడు. కాకా టేపు చుట్టి జేబులో వేసుకుని, తాళంచెవి బల్ల మీద పెట్టాడు.

"ప్లేటు వచ్చిన్నాడు ఫోన్ చెయ్ తమ్మీ, పొద్దుగాల్నే వస్త."

ఆ కంటైనర్‌ని హమాలీలే దింపారు. ఒక్కో బస్తా, వీపు మీద.